హైబ్రిడ్ కారులో హామ్ రేడియో: నా అనుభవం

హైబ్రిడ్ కారులో హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని అభిరుచిగా నడిపే, మాటలు పంపి అందుకునే సొంత రేడియో స్టేషన్) పెట్టుకున్నానని చెప్పగానే చాలామంది అడిగే మొదటి మాట, "అంత పెద్ద బ్యాటరీ ఉంది కదా, దాన్నుంచే కరెంటు తీసుకున్నావా?" అని. లేదు. ఆ పెద్ద బ్యాటరీ జోలికి నేను పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. రేడియోకి కావాల్సింది 13.8 వోల్టులు. అది కారులో వేరే చోట, మామూలు 12 వోల్టుల బ్యాటరీ దగ్గర దొరుకుతుంది. కానీ ఆ చోటు సంగతి సరిగ్గా తెలుసుకోకుండా వైరు కలిపేస్తే, ఏదో ఒక పొద్దున ఆఫీసుకు బయల్దేరేటప్పుడు బండి కదలదు. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ సమయం పట్టింది రెండిటికే: ఆ 12 వోల్టుల సంగతి అర్థం చేసుకోవడానికి, ఆ తర్వాత షార్ట్‌వేవ్‌లో వచ్చే రొద తగ్గించడానికి. అందుకని ఆ రెండూ వివరంగా రాస్తాను, మిగతావి క్లుప్తంగా చెబుతాను.

మాది విశాఖపట్నం. ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్లి వైపు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అమ్మానాన్న అక్కడే ఉన్నారు. ఫోన్లు లేవు, కరెంటు లేదు. ఇక్కడ కూర్చుని ఏమీ చెయ్యలేని పరిస్థితి. ఆ సమయంలో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి హామ్‌లు విశాఖ వెళ్లి సమాచారాలు చేరవేశారని తర్వాత తెలిసింది. అంతకు పదేళ్ల ముందు, 2004 డిసెంబర్ సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతున్న భారతీ ప్రసాద్ గారి బృందం కూడా అండమాన్ కబుర్లు బయటి ప్రపంచానికి అందించింది. ఇవన్నీ చదివాకే పరీక్ష రాయాలన్న పట్టుదల వచ్చింది. కేంద్ర టెలికాం శాఖలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగం పెట్టే పరీక్ష అది. పాసై, వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) వచ్చాక ఇంట్లో స్టేషన్ పెట్టాను. కానీ అపార్ట్‌మెంట్‌లో యాంటెన్నాకి అనుమతి తెచ్చుకోవడం, చుట్టుపక్కల ఎల్‌ఈడీ లైట్ల నాయిస్ భరించడం కష్టమైంది. అవసరమైతే స్టేషన్‌నే వేరే చోటికి తీసుకుపోవచ్చు కదా అనే ఆలోచన అక్కడ మొదలైంది.

కారు మోడల్ పేరు చెప్పడం లేదు. ఒక్కో మోడల్‌లో బ్యాటరీలు ఒక్కో చోట ఉంటాయి. నాది చూసి మీ బండిలో అలాగే చెయ్యబోతే ఇబ్బంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ అని మాత్రం చెబుతాను. అంటే మోటారుతోనే కొంత దూరం నడవగలిగే రకం.

ఇలాంటి కారులో రెండు బ్యాటరీలు ఉంటాయి. మోటారుని నడిపేది పెద్దది. మన దేశంలో దొరికే వాటిలో దాని వోల్టేజి సాధారణంగా 170 నుంచి 260 వోల్టుల మధ్య ఉంటుంది. దానికి సంబంధించిన వైర్లన్నిటికీ ఆరెంజ్ రంగు తొడుగు ఉంటుంది, ఏ కంపెనీ కారైనా సరే. అది డీసీ కరెంటు, ప్రాణం తీస్తుంది. ఇక రెండోది మామూలు 12 వోల్టుల బ్యాటరీ. లైట్లు, హారన్, తలుపుల తాళాలు, కంప్యూటర్లు అన్నీ దానిమీదే. మామూలు కారులో ఈ బ్యాటరీ స్టార్టర్‌ని తిప్పాలి కాబట్టి కండపుష్టిగా ఉంటుంది. చాలా హైబ్రిడ్‌లలో ఇంజన్‌ని తిప్పేది పెద్ద బ్యాటరీయే కాబట్టి చిన్నదానికి ఆ బరువు లేదు. కంప్యూటర్లను లేపి, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలను (కరెంటుతో పనిచేసే స్విచ్‌లను) ఆన్ చేస్తే దాని పని అయిపోతుంది. అది ఇంటి తాళంచెవి లాంటిది: చిన్నదే, కానీ అది లేకపోతే లోపల ఎంత ఉన్నా అందదు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, చిన్నది దిగిపోతే, బండి కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ దీపం డాష్‌బోర్డు మీద వెలగదు.

ఈ చిన్న బ్యాటరీని చార్జ్ చేసేది ఆల్టర్నేటర్ కాదు. హైబ్రిడ్‌లో అసలు ఆల్టర్నేటరే లేదు. పెద్ద బ్యాటరీ వోల్టేజిని 14 దరిదాపులకు దించే డీసీ-డీసీ కన్వర్టర్ ఆ పని చేస్తుంది. రెడీ దీపం వెలిగినంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది, ఇంజన్ ఆగి ఉన్నా సరే. రెడీ దాకా వెళ్లకుండా ఊరికే ఆన్ చేసి పెడితే మాత్రం చార్జింగ్ ఉండదు, చిన్న బ్యాటరీ దిగుతూ పోతుంది. రేడియో పెట్టుకోవాలనుకునేవాళ్లు బుర్రలో ఎక్కించుకోవాల్సిన విషయం ఇదే. నేను మల్టీమీటర్ పెట్టి చూస్తే ఊరికే ఆన్‌లో 12.4 ఉన్నది రెడీలోకి రాగానే 14.1కి వెళ్లింది.

నా రేడియో ఐకామ్ ఐసీ-7100. ఒక సీనియర్ హామ్ గారి దగ్గర కొన్నాను. హెచ్‌ఎఫ్‌లో, అంటే షార్ట్‌వేవ్‌లో, 100 వాట్లు, 144 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 50 వాట్లు పంపుతుంది. తెరా, బటన్లూ ఉన్న ముందు భాగం అసలు పెట్టె నుంచి విడిగా ఉండటం కారుకి పెద్ద సౌకర్యం. పూర్తి శక్తితో పంపేటప్పుడు 22 ఆంపియర్ల దాకా లాగుతుంది. వింటున్నప్పుడు కూడా ఒక ఆంపియర్ దరిదాపు తీసుకుంటుంది. ఈ ఒక ఆంపియర్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. శుక్రవారం రాత్రి రేడియో ఆపకుండా బేస్‌మెంట్‌లో బండి పెట్టేసి, ఆదివారం రాత్రి వచ్చి చూస్తే 48 ఆంపియర్-అవర్లు (ఒక ఆంపియర్ చొప్పున 48 గంటలు) పోయి ఉంటాయి. నా చిన్న బ్యాటరీ మొత్తం సామర్థ్యం 45. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసుకోవచ్చు కదా అంటారు. దానిమీద 120 వాట్లు అని రాసే ఉంటుంది, అంటే 10 ఆంపియర్లు. ఈ రేడియోకి అది సరిపోదు.

మొదట సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. ముందున్న కుర్రాడు "బయట వైరు ఏది కలిపినా వారంటీ పోతుంది సార్" అని ఒకే మాట మీద ఉన్నాడు. లోపల పనిచేసే పెద్ద టెక్నీషియన్‌ని పిలిపించమని బతిమాలితే ఆయన వచ్చారు. ఓనర్స్ మాన్యువల్లో రేడియో ట్రాన్స్‌మిటర్ పెట్టేవాళ్ల కోసం విడిగా ఒక పేజీ ఉంది. అది తీసి చూపించాను. పెట్టకూడదని అందులో లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల మీద ప్రభావం పడకుండా జాగ్రత్తలు తీసుకోవాలనీ, డీలర్‌ని అడగమనీ మాత్రమే ఉంది. ఆయన ఓపిగ్గా చదివి చెప్పిన మాటలు నాకు బాగా ఉపయోగపడ్డాయి. కంపెనీ వేసిన ఏ వైరునీ కొయ్యవద్దు. ఆరెంజ్ వైర్లు పోయే దారిలో మీ వైర్లు పోనివ్వవద్దు. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటిని ఊడదియ్యవద్దు. వెనక సీటు పక్కన ఉన్న జాలీకి ఏదీ అడ్డం పెట్టవద్దు. ఈ చివరిది నాకు అప్పటిదాకా తట్టలేదు. పెద్ద బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను ఆ జాలీలోంచే గాలి పీలుస్తుంది. రేడియో పెట్టెకి సరిపోయే ఖాళీ సరిగ్గా అక్కడే ఉంది. చూసినవాళ్లెవరైనా అక్కడే పెడతారు. గాలి అందకపోతే పెద్ద బ్యాటరీ వేడెక్కుతుంది, దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకని రేడియో పెట్టెను ముందు ఎడమ సీటు కిందకు మార్చాలని అనుకున్నాను.

తర్వాత వైర్లు. బెంగళూరులో కారు సామాన్లకి జేసీ రోడ్, ఎలక్ట్రానిక్స్‌కి ఎస్పీ రోడ్. రెండూ తిరిగాను. కారు ఆంప్లిఫయర్ల కోసం అమ్మే రెడీమేడ్ వైరింగ్ కిట్లు జేసీ రోడ్‌లో చూడ్డానికి లావుగా, ధరకి చవగ్గా ఉంటాయి. ఒక పోగు బయటికి లాగి బ్లేడుతో గీరి చూశాను. పైన రాగి రంగు, గీరిన చోట తెల్లగా మెరిసింది. లోపల అల్యూమినియం, పైన రాగి పూత. అదే మందంలో అసలు రాగి కన్నా దాని రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. పైగా లగ్ (వైరు చివర బోల్టుకి బిగించే లోహపు కొన) నొక్కిన చోట కాలక్రమంలో వదులవుతుంది. ఆ కిట్ వద్దని ఎస్పీ రోడ్‌లో అసలు రాగి వైరు, ఎన్నో సన్నపు పోగులతో మెత్తగా వంగేది, ఎరుపు ఒకటి నలుపు ఒకటి తీసుకున్నాను.

వైరు మందం దగ్గర బేరం ఆడకూడదు. నా బండిలో చిన్న బ్యాటరీ డిక్కీలో కుడివైపు ఉంది. అక్కణ్ణుంచి ముందు సీటు కిందకి నాలుగు మీటర్లు. పోను రాను ఎనిమిది మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 22 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు దారిలోనే పోతాయి. 6 వేస్తే అర వోల్టు, 10 వేస్తే 0.3. ఈ రేడియోకి కనీసం 11.7 వోల్టులు అందాలి. కారు రెడీలో లేనప్పుడు బ్యాటరీ 12.4 ఉంటుంది. మాట్లాడుతున్నప్పుడు అదింకా కొంత పడుతుంది. దారిలో ఇంకో 1.2 పోతే రేడియో మాటమధ్యలో ఆగిపోతుంది. అందుకని 10 వేశాను.

వైరు లాగడానికి మదనపల్లె నుంచి వచ్చి కేఆర్‌పురం దగ్గర షెడ్డు పెట్టుకున్న ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. అతన్ని మా అపార్ట్‌మెంట్‌కే పిలిచాను. ఆదివారం పొద్దున వచ్చి, ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఆరెంజ్ వైరు మనది కాదన్నా, దాని పక్కకు కూడా పోవద్దు. తక్కింది నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాటతో నాకు సగం టెన్షన్ తగ్గింది. పనిలో చురుకుతనం ఎంత ఉందో భయం కూడా అంత ఉన్నవాడు దొరకడం అదృష్టం.

బండి పూర్తిగా ఆపి, స్మార్ట్ కీని ఇంట్లో పెట్టి వచ్చాను. కీ దగ్గర్లో ఉంటే బండి మేలుకుంటుంది. తర్వాత చిన్న బ్యాటరీ నెగటివ్ ఊడదీశాం. అప్పుడు అతను చేసిన మొదటి పని, డిక్కీ తాళం నోట్లో ఒక గుడ్డ ముక్క కుక్కడం. ఎందుకని అడిగితే, "డిక్కీ కరెంటుతో తెరుచుకునేదన్నా. బ్యాటరీ ఊడదీసినంక మూత పడిందంటే లోపలికి పోయే దారి ఉండదు" అన్నాడు.

పాజిటివ్ వైరు బ్యాటరీ పాజిటివ్ నుంచే, జానెడు దూరంలోపు 30 ఆంపియర్ల ఫ్యూజ్. ఆ ఫ్యూజ్ రేడియోని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. ఎక్కడైనా ఇనుప అంచుకి తగిలి వైరు తొడుగు చిరిగితే మంట పుట్టకుండా ఆపేది అదే. అందుకే బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. నెగటివ్‌ని మాత్రం బ్యాటరీ టెర్మినల్ మీద బిగించలేదు. ఈ కాలపు కార్లలో ఆ టెర్మినల్‌ దగ్గర చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత వెళ్లింది, ఎంత వచ్చింది అని లెక్క కడుతుంది. దాన్ని దాటేసి నేరుగా టెర్మినల్‌కి కలిపితే రేడియో తీసుకునే కరెంటు ఆ లెక్కలోకి రాదు. అందుకని బ్యాటరీ నల్ల వైరు బాడీకి బిగించిన బోల్టు దగ్గరే మా నల్ల వైరు కూడా లగ్ వేసి బిగించాం. ఎరుపు, నలుపు రెండిటినీ ఒకదానికొకటి మెలివేసి ఫ్లెక్సిబుల్ పైపులో పెట్టి, ఎడమవైపు గడప ప్లాస్టిక్ కింద నుంచి ముందుకు తీశాం. మెలివేస్తే చుట్టుపక్కల రొద ఆ వైర్లలోకి తక్కువ ఎక్కుతుంది. కిటికీ స్తంభాల్లోంచి మాత్రం ఏ వైరూ తియ్యలేదు, వాటిలో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి.

రేడియో మర్చిపోయి వదిలేసినా బ్యాటరీ దిగకుండా డిక్కీలో ఒక 40 ఆంపియర్ల రిలే పెట్టాం. దాన్ని లేపే కరెంటు లోపలి ఫ్యూజ్ బాక్స్‌లోంచి, బండి ఆన్ అయితేనే వచ్చే ఒక ఫ్యూజ్ దగ్గర ఫ్యూజ్ ట్యాప్ పెట్టి తీసుకున్నాం. ఏ వైరూ తెంచలేదు. బండి ఆపగానే రేడియో ఆగుతుంది. ఆన్‌లో పెట్టి రెడీలోకి రాని సందర్భం ఒకటి మిగిలింది కదా, దానికి వోల్టేజి పడిపోతే కరెంటు ఆపేసే లో వోల్టేజ్ కటాఫ్ ఒకటి వేసి 12.2 దగ్గర పెట్టాను. డాష్‌బోర్డు మీద చిన్న వోల్ట్‌మీటర్ కూడా అతికించాను. హైబ్రిడ్‌లో రేడియో ఉన్నవాళ్లకి అది చాలా అవసరం అని నా గట్టి అభిప్రాయం. 14 పైన కనిపిస్తే కన్వర్టర్ పనిచేస్తోంది, 12.5 కిందకి వస్తే మాట ఆపాలి.

యాంటెన్నా సంగతి త్వరగా తేలింది. 145 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం అంటే 49 సెంటీమీటర్ల కడ్డీ చాలు. పైకప్పు మధ్యలో పెడితే అన్నివైపులా సమానంగా పనిచేస్తుంది. కానీ నా బండి కప్పులో సగం అద్దమే. అద్దం కింద లోహం లేదు, అయస్కాంతం నిలవదు. వెనక మిగిలిన ఇనుప భాగం మీద మాగ్నెట్ మౌంట్ పెట్టాను. నానోవీఎన్‌ఏ అనే చిన్న కొలత పరికరంతో చూసుకుంటూ కడ్డీని కొద్దికొద్దిగా కత్తిరించి ఎస్‌డబ్ల్యూఆర్‌ని (పంపిన శక్తి యాంటెన్నా నుంచి ఎంత తిరిగొస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరైతే మంచిది) 1.3కి తెచ్చాను. హెచ్‌ఎఫ్‌కి డిక్కీ తలుపు అంచున బిగించే మౌంట్, దానిమీద కాయిల్ ఉన్న పొడుగాటి విప్ (వంగే కడ్డీ).

పంపడం మొదలుపెట్టే ముందు ఒక ఖాళీ మైదానంలో పరీక్ష చేశాం. బండి రెడీలో, కదలకుండా, స్నేహితుడు స్టీరింగ్ దగ్గర. 5 వాట్లు, 10, 25, 50. ప్రతిసారీ డాష్‌బోర్డులో ఏదైనా హెచ్చరిక దీపం వెలుగుతుందా, వైపర్లు, తాళాలు వాటంతటవే కదులుతాయా అని చూశాం. 50 దగ్గర రివర్స్ సెన్సర్ ఒక్కటి కూత పెట్టింది. యాంటెన్నాని ఒక అడుగు ముందుకు జరిపితే ఆగిపోయింది. తర్వాత అతను ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడుపుతుంటే నేను పక్కన కూర్చుని మళ్లీ అదే వరసలో పంపాను. బ్రేకులు, స్టీరింగ్, మోటారు ఏదీ తేడా చూపలేదు. ఈ పరీక్ష చెయ్యకుండా ట్రాఫిక్‌లో 50 వాట్లు నొక్కడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

144లో అంతా సవ్యంగానే ఉందనుకుంటుండగా ఒక వింత కనిపించింది. బండి నడుస్తున్నప్పుడు దూరపు బలహీన స్టేషన్లు వినపడటం లేదు. హైబ్రిడ్ మోటారే కారణం అయ్యుంటుందని అందరూ అన్నారు. కానీ నాకు నమ్మకం కుదరలేదు. ఎఫ్‌ఎంలో మోటారు రొద అంతగా వినిపించకూడదు. ఒక్కొక్కటి ఆపుతూ పోతే డాష్‌క్యామ్ దగ్గర దొరికింది. దాన్ని సాకెట్‌లోంచి పీకగానే స్టేషన్లు లేచి కూర్చున్నాయి. దానికి కరెంటు ఇచ్చే యూఎస్‌బీ చార్జర్ చవక రకం. చార్జర్ మార్చి, క్యామ్ వైరుకి ఫెరైట్ (రొదని అడ్డుకునే అయస్కాంత పదార్థపు రింగు) తొడిగాక ఆ సమస్య పోయింది.

హెచ్‌ఎఫ్ మాత్రం వేరే కథ. 7 మెగాహెర్ట్జ్‌లో బండి రెడీలో లేనప్పుడు, సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ ఎస్3 దగ్గర ఉంటే, రెడీలోకి రాగానే ఎస్6కి వెళ్తోంది. మోటారు మీద కదిలితే ఎస్8. బ్రేకు మీద కాలు పెడితే, అంటే చక్రాల శక్తి బ్యాటరీలోకి తిరిగి వెళ్తున్నప్పుడు, ఈల లాంటి శబ్దం ఒకటి మొదలై బండి నెమ్మదిస్తున్నకొద్దీ స్థాయి దిగుతూ ఆగిపోతుంది. డీసీని మోటారుకి కావాల్సిన రూపంలోకి మార్చే ఇన్వర్టర్ సెకనుకి వేలసార్లు కరెంటుని తెంచుతూ కలుపుతూ ఉంటుంది. ప్రతి తెంపుడికీ చాలా దూరపు ఫ్రీక్వెన్సీల దాకా అలలు లేస్తాయి. హెచ్‌ఎఫ్‌లో మాటలకి వాడే ఎస్‌ఎస్‌బీ పద్ధతిలో మన చెవి వాటిని నేరుగా వింటుంది.

ఇది కరెంటు వైరు గుండా వస్తోందా, గాలిలోంచి యాంటెన్నాకి తగులుతోందా? ముందు అది తేలాలి. లేకపోతే ఎస్పీ రోడ్‌లో దొరికే ఫిల్టర్లన్నీ కొని తొడిగినా లాభం ఉండదు. దానికి సులువైన పద్ధతి ఉంది. రేడియోని కారు వైరు నుంచి తప్పించి, విడిగా ఒక లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీకి కలిపాను. 12.8 వోల్టులు, 20 ఆంపియర్-అవర్లది. రొద ఎస్8 నుంచి ఎస్7కి తగ్గింది, అంతే. యాంటెన్నా కేబుల్ ఊడదీస్తే పూర్తిగా పోయింది. అంటే వైరు గుండా వచ్చేది కొంచెమే, అసలుది యాంటెన్నాకే తగులుతోంది.

తర్వాత పాత జేబు ట్రాన్సిస్టర్ ఒకటి తీసుకుని, స్టేషన్ ఏదీ లేని చోట మీడియం వేవ్‌లో పెట్టి, రెడీలో ఉన్న బండి చుట్టూ దాన్ని పట్టుకుని తిరిగాను. బానెట్ దగ్గర కొంచెం, పక్క తలుపుల దగ్గర దాదాపు ఏమీ లేదు. డిక్కీ తలుపు అంచు వెంబడి గట్టిగా. సైలెన్సర్ గొట్టం చివర ఇంకా గట్టిగా. ఆ గొట్టం రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడుతుంది. ముందు ఇంజన్ దగ్గర తప్ప బాడీకి ఎక్కడా సరిగ్గా తగలదు. ఇంజన్ గదిలో పుట్టిన రొదని వెనక్కి మోసుకొచ్చి, సరిగ్గా నా విప్ కింద వదులుతోంది. డిక్కీ తలుపు కూడా అంతే, కీళ్ల దగ్గర గ్రీజు, రంగు ఉండి బాడీతో సరైన సంబంధం లేదు. రెండిటినీ వెడల్పాటి రాగి అల్లిక పట్టీలతో బాడీకి కలిపాం. సైలెన్సర్‌కి రెండు చోట్ల, డిక్కీ తలుపుకి రెండు కీళ్ల దగ్గరా. ఎలక్ట్రీషియన్ పట్టీ బిగించిన ప్రతి చోటా రంగు గీకి, బిగించాక తుప్పు పట్టకుండా గ్రీజు రాశాడు. కరెంటు వైర్లకీ, తెర కేబుల్‌కీ, యాంటెన్నా కేబుల్‌కీ 31 రకం ఫెరైట్ రింగులు వేశాను. ఆ రకం హెచ్‌ఎఫ్‌లో బాగా పనిచేస్తుంది. వైరుని రింగులోంచి ఒక్కసారి దూర్చడం కన్నా వీలైనన్ని చుట్లు వెయ్యాలి. చుట్లు రెట్టింపైతే ప్రభావం దాదాపు నాలుగు రెట్లవుతుంది.

ఇదంతా అయ్యాక రెడీలో నిలబడి ఉన్నప్పుడు ఎస్4, నడుస్తున్నప్పుడు ఎస్5, ఎస్6. ఒక్కో ఎస్ అంటే 6 డెసిబెల్స్ కాబట్టి ఇది చిన్న మెరుగు కాదు. అంతకన్నా దించాలంటే ఇన్వర్టర్ దాకా వెళ్లాలి. ఆ గీత నేను దాటను.

ఇప్పుడు నేను వాడే పద్ధతి ఇది. నడుస్తున్నప్పుడు వినడం 144లో మాత్రమే, కారు కరెంటు మీద. మాట్లాడాలంటే బండి పక్కకి ఆపుతాను. మైకు చేత్తో పట్టుకుని నడపడం చట్టరీత్యా తప్పు, అంతకుమించి ప్రమాదం. హెచ్‌ఎఫ్ మాత్రం బండి ఆపి, పూర్తిగా ఆఫ్ చేసి, లిథియం బ్యాటరీ మీద. అప్పుడు ఎస్3 నిశ్శబ్దం మళ్లీ దొరుకుతుంది. తిరుపతి వెళ్లేటప్పుడు ముళబాగిలు దాటాక పలమనేరు వైపు రోడ్డు పక్కన చింతచెట్ల కింద ఆపి 7 మెగాహెర్ట్జ్‌లో పిలిస్తే హైదరాబాద్ స్టేషన్ పక్కింట్లో మాట్లాడినట్టు వచ్చింది. 7 మెగాహెర్ట్జ్ తరంగంతో పోలిస్తే ఆ విప్ బాగా కురచ, దాంతో 100 వాట్లలో చాలా భాగం కాయిల్‌లోనే వేడిగా పోతుంది, అయినా పగటిపూట ఆ దూరానికి సరిపోతుంది. మా ఆవిడ అప్పటిదాకా డిక్కీలో సామాన్లకి చోటు తగ్గిందని అంటూ ఉండేది. ఆ రోజు మైకు తీసుకుని వాళ్లకి నమస్కారం చెప్పింది. లైసెన్స్ ఉన్న నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు పరీక్ష పుస్తకం తనూ చదువుతోంది.

హైబ్రిడ్ మీద నాకున్న ఇష్టం ఇంకో విషయంలో బలపడింది. మామూలు కారులో ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉంటే, పంపేటప్పుడు వోల్టేజి ఊగుతుంది. ఇందులో సిల్క్‌బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడినా, ఇంజన్ ఆగిపోయినా, మీటర్ 14 దగ్గర కదలకుండా ఉంటుంది. పెద్ద బ్యాటరీ తగ్గితే ఇంజన్ తనంతట తాను లేచి, కాసేపు చార్జ్ చేసి ఆగిపోతుంది. కరెంటు లేని రోజున గంటలకొద్దీ స్టేషన్ నడపడానికి ఇంతకన్నా పొదుపైన జనరేటర్ ఇంటి ముందు ఉండదు. కానీ ఆ సదుపాయంలోనే ఒక ప్రమాదం ఉంది. బండి నిశ్శబ్దంగా ఉంది కదా అని అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోనో, మూసిన గ్యారేజీలోనో రెడీలో పెట్టి కూర్చోకూడదు. ఇంజన్ చెప్పకుండా లేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఆరుబయట మాత్రమే.

కొత్తగా పెట్టాలనుకునేవాళ్లకి ఇంకో రెండు ముక్కలు. డిక్కీలోని 12 వోల్టుల బ్యాటరీ మార్చాల్సి వస్తే బజారులో దొరికే మామూలు యాసిడ్ బ్యాటరీ వెయ్యవద్దు. అది మనుషులు కూర్చునే గదితో కలిసిన చోటు, లోపల వాయువు వదలకూడదు. కంపెనీ చెప్పిన సీల్డ్ రకమే, వాయువు బయటికి పోయే గొట్టం తగిలించి మరీ వెయ్యాలి. లిథియం బ్యాటరీని ఎండలో ఆపిన బండిలో వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకోవాలి. నేను లైసెన్స్ కాపీ, విడి ఫ్యూజులు, ఒక స్పానర్ గ్లవ్‌బాక్స్‌లో ఎప్పుడూ ఉంచుతాను. వానాకాలం మొదలయ్యే ముందు సైలెన్సర్ పట్టీలు, నల్ల వైరు బోల్టు ఒకసారి బిగించి చూసుకుంటాను. ఈ ఏడాది చూస్తే ఒక పట్టీ తుప్పు పట్టి తెగడానికి సిద్ధంగా ఉంది. ఎస్ మీటర్ ఎందుకు ఒక గీత పెరిగిందో అప్పుడు తెలిసింది. కొత్తది వేయించాను. మీటర్ మళ్లీ ఎస్4కి వచ్చింది.